పరిగెత్తని రోజు భోజనం

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీకు 24 ఏళ్లు. గుంటూరు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నారు. కాలేజీలో 5000 మీటర్లు పరిగెత్తేవారు. అనొరెక్సియా, అంటే లావవుతామన్న భయంతో తిండి తగ్గించేసుకునే మానసిక జబ్బు, వచ్చి రెండేళ్లు పరుగు ఆగిపోయింది. ఏడు నెలలుగా చికిత్స తీసుకుంటున్నారు, బరువు పెరిగింది, నెలసరి రెండుసార్లు వచ్చింది. మెల్లగా పరిగెత్తవచ్చని డాక్టరు అన్నారు. కొత్త కోచ్ ‘రెండు కిలోలు తగ్గితే టైమింగ్ అదే వస్తుంది’ అన్నారు. అమ్మగారు అసలు పరుగే వద్దంటున్నారు. ఏప్రిల్ చివర్లో జరిగే పది కిలోమీటర్ల పందెం టీసీఎస్ వరల్డ్ టెన్‌కేలో పోటీపడి పరిగెత్తాలని మీ కోరిక. ఇవన్నీ చెప్పాక చివర్లో, పెద్ద విషయం కానట్టు, ఇంకో వాక్యం రాశారు: ‘పరిగెత్తని రోజు రాత్రి సగం భోజనం చాలనిపిస్తుంది, అది మామూలే కదా?’

మామూలు కాదు. ఏప్రిల్ గురించి మీరు అడిగినదానికి జవాబు ఆ వాక్యంలోనే ఉంది. తిండిని పరుగుతో సంపాదించుకోవాలన్న లెక్క మీ మనసులో ఇంకా నడుస్తోంది. ఆ లెక్క ఉన్నంతకాలం శిక్షణ పెరిగే కొద్దీ జబ్బుకు కొత్త సాకులు దొరుకుతూనే ఉంటాయి. ఈ ఏప్రిల్‌లో పోటీ వద్దన్నది నా అభిప్రాయం. ఎందుకో, తర్వాత ఏం చేయవచ్చో కాస్త వివరంగా రాస్తాను.

నేను డాక్టరును కాను. 1999లో డిగ్రీ చదవడానికి అనంతపురం నుంచి బెంగళూరు వచ్చాను. 3000, 5000 మీటర్లు పరిగెత్తేదాన్ని. మీ జబ్బే నాకూ ఉండేది. ఇప్పుడు పదిహేనేళ్లుగా తెల్లవారుజామున కబ్బన్ పార్కులో కొందరికి పరుగు నేర్పిస్తున్నాను. నా పాత బరువు ఎంతో, రోజుకు ఎన్ని కేలరీలు తినేదాన్నో ఇక్కడ రాయను. ఈ జబ్బు ఉన్నవాళ్లు ఇంకొకరి అంకెను చదివి ‘నేను అంతకన్నా తగ్గగలను’ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నదాన్ని.

మొదటి ఏడాది ఏం జరిగిందో చెబుతాను, ఎందుకంటే అక్కడే అందరూ మోసపోతారు. అన్నం తగ్గించాను, బరువు తగ్గింది, టైమింగ్ నిజంగానే మెరుగైంది. కొన్ని నెలలు గాలిలో తేలినట్టుండేది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. శనివారం వేంకటేశ్వరస్వామికి ఒంటిపూట అన్నాను, ఇంట్లో మురిసిపోయారు. తర్వాత ఏకాదశి కలిసింది, కార్తీక సోమవారాలు కలిశాయి. ‘లంఖణం పరమౌషధం’ అని నమ్మే ఇళ్లలో తినకపోవడానికి కారణం వెతుక్కోనక్కరలేదు, పంచాంగమే చెబుతుంది. నా భక్తిని తప్పు పట్టుకోవడం లేదు, కానీ ఆ రోజుల్లో దేవుడి పేరు చెప్పి నేను చేసింది వేరే పని. మీకు ఇప్పుడు ఉపవాసాలుంటే డాక్టరు సరేననేదాకా పక్కన పెట్టండి. రెండో ఏడాది పిక్క ముందరి ఎముకలో పగులు వచ్చింది. మూడో ఏడాది తుంటి కీలు దగ్గర.

దీనికి వైద్యంలో ఒక పేరుంది. నెలసరి ఆగడం, ఎముక పలచబడడం, తిండి తగ్గడం కలిసి ఉండే పరిస్థితిని 1992 నుంచి ‘ఫీమేల్ అథ్లెట్ ట్రయాడ్’ అనేవారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు దాన్ని విస్తరించి ‘రెడ్-ఎస్’ (ఆటలాడేవాళ్లకు వచ్చే శక్తి కొరత) అన్నారు, 2023లో మళ్లీ సవరించారు. ఇది మగవాళ్లకూ వస్తుందని, ఎముకతో పాటు గుండె, జీర్ణవ్యవస్థ, రోగనిరోధక శక్తి, మనసు అన్నీ దెబ్బతింటాయని అందులో చెప్పారు. మూల కారణం ఒకటే. తిన్నదాంట్లోంచి వ్యాయామానికి ఖర్చయినది పోగా, మిగిలినది శరీరం నడవడానికి చాలకపోవడం. జీతం సగానికి పడిపోయిన ఇంటిని ఊహించుకోండి. బియ్యం, అద్దె ఆగవు. పైకప్పు మరమ్మతు, వెల్ల, పిల్లల పెళ్లి ఖర్చు వాయిదా పడతాయి. శరీరం కూడా కాళ్లను, మెదడును నడిపిస్తూ ఎముకల మరమ్మతును, నెలసరిని వాయిదా వేస్తుంది. వీధిలోంచి చూస్తే ఇల్లు బాగానే కనిపిస్తుంది. బరువు మామూలుగా ఉన్నవాళ్లకు కూడా ఇది రావచ్చు. అందుకే ‘బరువు పెరిగింది కాబట్టి సిద్ధం’ అనుకోవడం సరిపోదు. ఆ మిగులును లెక్కగట్టే సూత్రం కూడా ఉంది, మీ డైటీషియన్‌కు తెలుసు. అది ఆమె దగ్గరే ఉండనివ్వండి. మీ చేతికి వస్తే మూడు రోజుల్లో అదే కొత్త కట్టుబాటు అవుతుంది.

ఇక ఎముక. తిరిగి వచ్చేవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే కాబట్టి కాస్త ఓపికగా చదవండి. తిండి సరిపడా అందితే గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లోనే తేరుకోవడం మొదలుపెడతాయి. హార్మోన్లకు నెలలు కావాలి. ఎముక సాంద్రతకు ఏళ్లు పట్టవచ్చు, కొందరిలో పోయినదంతా తిరిగి రాదు కూడా. పైగా కొత్త భారం పడినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని కరిగించుకుని, తర్వాత కొత్తది కట్టుకుంటుంది. కరిగించే పని రెండు మూడు వారాల్లో అయిపోతుంది, కట్టే పనికి మూడు నాలుగు నెలలు పడుతుంది. గోడకు పాత పూత గీకేసి కొత్తది వేసే లోపు వాన వచ్చినట్టు, శిక్షణ మొదలుపెట్టిన మూడో వారం నుంచి ఎముక బలహీనంగా ఉండే సమయం ఒకటి వస్తుంది. సరిగ్గా అప్పుడే ఊపిరి బాగా అందుతుంటుంది, ఉత్సాహం పొంగుతుంటుంది.

నేను అక్కడే పడ్డాను. చికిత్స మొదలైన నాలుగో నెలలో, అడిగేవారు లేక, కంఠీరవ స్టేడియం ట్రాకు మీద 400 మీటర్ల పరుగులు ఎనిమిది తీశాను. ప్రతి ఒక్కటీ ముందుదానికన్నా వేగంగా. ఆ సాయంత్రం జీవితం తిరిగి వచ్చిందనుకున్నాను. ఐదు వారాలకు రెండో కాలి ఎముక పగిలింది. ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు, నేనూ ఏమీ లేదనుకుని ఇంకో పది రోజులు పరిగెత్తాను. ఇలాంటి పగులు మొదట్లో ఎక్స్-రేలో తరచుగా కనిపించదు, ఎమ్మారైలో బయటపడుతుంది. ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట నొప్పి ఉంటే పరుగు ఆపండి. గజ్జల్లో లోతుగా నొప్పి ఉండి ఒంటికాలి మీద గెంతితే ఎక్కువైతే ఆ రోజే ఆపి ఎముకల డాక్టరును కలవండి. తుంటి కీలు దగ్గర తొడ ఎముక మెడ పూర్తిగా విరిగితే ఆపరేషన్ దాకా పోతుంది.

అందుకే కొన్ని పరీక్షల గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ వెన్నుకూ తుంటికీ చేయించుకోండి. మీ వయసులో చూడవలసింది జెడ్-స్కోరు, అంటే మీ ఎముకను మీ వయసువాళ్ల సగటుతో పోల్చే అంకె. మైనస్ 2 కన్నా పైన ఉంటే రిపోర్టులో ‘వయసుకు తగినట్టే ఉంది’ అని వస్తుంది. కానీ పరిగెత్తేవాళ్ల ఎముక మిగతావాళ్లకన్నా గట్టిగా ఉండాలి కాబట్టి, మైనస్ 1 కన్నా తక్కువ ఉంటే అది పట్టించుకోవలసిన విషయమే. ఈ తేడాను మీరే అడిగి మాట్లాడాలి. రక్తంలో హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), విటమిన్ డి, బీ12, థైరాయిడ్ చూడమనండి. మీరు రాయలేదు కానీ అడగక తప్పదు: వాంతి చేసుకునే అలవాటు, విరేచనాల మాత్రలు ఏమైనా ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఆ స్థితిలో పరుగు ప్రాణానికే ముప్పు, ఈసీజీ, రక్తపరీక్షలు సరయ్యేదాకా ఒక్క అడుగు కూడా వద్దు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న. ఆ రెండు నెలసరులు తమంతట తామే వచ్చాయా, హార్మోన్ మాత్రలు వేసుకుంటే వచ్చాయా? మాత్రలతో వచ్చే రక్తస్రావం శరీరం కోలుకుందని చెప్పదు. ఎముకకూ ఆ మాత్రలు రక్ష కావు.

గుండె వేగం గురించి చిన్నమాట. జబ్బు ముదిరినప్పుడు నా గుండె చాలా మెల్లగా కొట్టుకునేది, నేనూ మావాళ్లూ దాన్ని అథ్లెట్ గుండె అని చెప్పుకుని గర్వపడ్డాం. అది ఆకలితో ఉన్న శరీరం పొదుపు చేసుకుంటున్న గుండె. ఇప్పుడు మీరు సరిగ్గా తింటున్నారు కాబట్టి విశ్రాంతిలో వేగం కాస్త పెరిగి ఉండవచ్చు. చేతి గడియారం దాన్ని చూసి మీ ఫిట్‌నెస్ పడిపోయిందని చెబుతుంది. దానికేం తెలుసు! ఆరు నెలలు ఆ గడియారం డ్రాయరులో ఉండాలి, పరుగులు నమోదు చేసే స్ట్రావా యాప్ ఫోనులోంచి పోవాలి.

పోటీకి తిరిగి రావడం కుదరదని మాత్రం అనుకోకండి. అమెరికా రన్నర్ మాలీ సైడెల్ 2016లో ఒలింపిక్ ట్రయల్స్‌కు అర్హత సాధించి కూడా వాటిని (జట్టు ఎంపిక పోటీలను) వదులుకుని ఈటింగ్ డిజార్డర్‌కు, అంటే తిండికి సంబంధించిన మానసిక జబ్బుకు, చికిత్సలో చేరింది. 2020 ఫిబ్రవరిలో అట్లాంటాలో తన తొలి మారథాన్‌లోనే రెండో స్థానంలో వచ్చి జట్టులోకి ఎంపికైంది. 2021 ఆగస్టులో సపోరోలో జరిగిన ఒలింపిక్ మారథాన్‌లో కాంస్యం గెలిచింది. ట్రయల్స్ వదులుకున్న రోజుకూ ఆ పతకానికీ మధ్య ఐదేళ్లున్నాయి. అదే దేశపు మేరీ కెయిన్ 17 ఏళ్లకే, 2013లో, ప్రపంచ చాంపియన్‌షిప్ జట్టుకు ఎంపికైన పిల్ల. బరువు తగ్గమన్న ఒత్తిడిలో మూడేళ్లు నెలసరి ఆగిపోయిందని, ఐదు ఎముకలు విరిగాయని 2019లో బయటపెట్టింది. మీ కోచ్ రెండు కిలోల మాట అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ అమ్మాయే.

కోచ్‌తో ఏం చెప్పాలని అడిగారు. పూర్తి కథ చెప్పనక్కరలేదు. ‘సార్, నాకు తిండికి సంబంధించిన జబ్బు ఉంది, చికిత్స జరుగుతోంది. నా బరువు గురించి డాక్టరు, డైటీషియన్ తప్ప ఇంకెవరూ మాట్లాడకూడదు. శిక్షణ మీరు చూడండి’ అని చెబితే చాలు, మెసేజి పెట్టినా చాలు. ఆయన చెడ్డవారు కాకపోవచ్చు, తాను నేర్చుకున్నదే చెబుతూ ఉండవచ్చు. అర్థం చేసుకుంటే కొనసాగండి. నవ్వినా, మళ్లీ కిలోల మాట ఎత్తినా ఆ రోజే మానేయండి. బెంగళూరులో పరుగు నేర్పేవాళ్లకు కొదవ లేదు.

ఇప్పుడు అసలు పని. నేను నా దగ్గరికి వచ్చేవాళ్లకు మొదట పెట్టే పరీక్ష స్టాప్‌వాచ్‌తో పెట్టేది కాదు. రెండు వారాలు పరుగు పూర్తిగా ఆపి, భోజనం మాత్రం ఒక్క ముద్ద కూడా తగ్గించకుండా, డైటీషియన్ రాసిచ్చినట్టే తినాలి. నడక పేరుతో గంటలు తిరగడం, పీజీలో లిఫ్టు ఉండగా ఐదంతస్తులు మెట్లెక్కడం కూడా పరుగు కిందే లెక్క. ఈ సంగతి మీ డాక్టరుకు, థెరపిస్టుకు చెప్పి మొదలుపెట్టండి. రాత్రి పెరుగన్నం పూర్తిగా తిని, పొద్దున పరిగెత్తకుండా ఉండి, మధ్యాహ్నం మళ్లీ పప్పూ నెయ్యీ వేసుకుని తినగలిగారంటే మీరు సిద్ధపడుతున్నట్టు. అది చేయలేకపోతే తప్పేమీ లేదు. చికిత్సలో ఇంకా చేయవలసిన పని ఎక్కడుందో తెలిసిందంతే. ఆ రెండు వారాల్లో మీకు ఎప్పుడెప్పుడు కష్టమైందో రాసుకుని థెరపిస్టుకు చూపించండి. ఏడు నెలల మాటలకన్నా ఆ కాగితం ఆమెకు ఎక్కువ చెబుతుంది.

అది దాటాక, పరీక్షల ఫలితాలు చూసి డాక్టరు సరేనంటే, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు ఖాళీగా, నడకా పరుగూ కలిపి మొదలుపెట్టండి. రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, మొత్తం ఇరవై నిమిషాలు. విసుగ్గా ఉంటుంది, ఉండాలి. రోడ్డు మీద కాకుండా కబ్బన్ పార్కు మట్టి దారిలో చేయండి, ఆదివారం వాహనాలు కూడా ఉండవు. నలుగురితో కలిసి వెళ్లండి, ఒంటరిగా వెళితే ఇరవై నిమిషాలు నలభై అవుతాయి. వారానికి రెండు రోజులు బరువులతో కాళ్ల, తుంటి కండరాల వ్యాయామం నేర్పేవారి దగ్గర చేయండి, ఎముకకు అది మంచిది. నెలసరి మాత్రలు లేకుండా, మూడు నుంచి ఐదు వారాల మధ్య, వరుసగా కనీసం మూడుసార్లు వచ్చేదాకా వేగం పరుగులు ముట్టవద్దు. ఆ తర్వాత కూడా వారానికి ఒకటే. నెలసరి తప్పితే వేగం ఆగిపోతుంది, తిండి పెరుగుతుంది. దీని మీద బేరం లేదు.

తిండి వేళల గురించి పీజీ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. టిఫిన్ ఎనిమిదింటికి పెడతారు, మీరు ఐదున్నరకు పరిగెత్తుతారు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా కడుపులో ఏమీ ఉండదు. ఖాళీ కడుపుతో పరిగెత్తితే కొవ్వు కరుగుతుందన్న ముచ్చట్లు మీలాంటివారి చెవిన పడకూడదు. లేవగానే అరటిపండు, రెండు ఖర్జూరాలు. పరుగు అయిన అరగంటలో పాలు, పల్లీ చిక్కీ లేదా ఉడికించిన గుడ్లు. టిఫిన్ దాని బదులు కాదు, దాని తర్వాత. గట్టిగా పరిగెత్తాక ఆకలి చచ్చిపోతుంది, జబ్బు తర్వాత కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది కాబట్టి నాలుగు ముద్దలకే నిండినట్టుంటుంది. ఆ సూచనలను ఇప్పుడే నమ్మకండి, గడియారం చూసి తినండి. ఉబ్బరం కొన్ని నెలల్లో తగ్గుతుంది. కొన్ని రోజులు అర్ధరాత్రి లేచి ఏది కనిపిస్తే అది తినాలనిపిస్తే భయపడకండి, శరీరం పాత బాకీ వసూలు చేసుకుంటోంది. మా అమ్మ పంపిన సున్నుండల డబ్బా ఒకటి ఒక్క వారంలో ఖాళీ చేశాను. అప్పుడు ఏడ్చాను, ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

ఇవన్నీ లెక్కేస్తే మీ మొదటి పోటీ దసరా దాటాకే. ఏప్రిల్‌లో ‘ఊరికే సరదాగా’ పరిగెత్తుతానని మీరు మళ్లీ అడుగుతారని తెలుసు. మనలాంటివాళ్లకు ఛాతీ మీద నంబరు పడ్డాక సరదా ఉండదు. ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టండి, తర్వాత ఎక్కడైనా మసాలా దోసె తినండి.

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చారు కాబట్టి ‘ఒళ్లు చేశావే’ అన్న మాట ఎవరో ఒకరు అనే ఉంటారు. చిక్కితే ‘పాడైపోయావు’, తేరుకుంటే ‘ఒళ్లు చేశావు’, మనవాళ్లకు పలకరింపు అదే. కానీ జబ్బు ఆ ఒక్క మాటను నెల రోజులు నమిలి తింటుంది. వచ్చే పండక్కి ముందే అమ్మగారికి చెప్పి, ఎవరైనా ఆ మాట ఎత్తితే మాట మార్చే బాధ్యత ఆవిడకు అప్పగించండి.

చికిత్స ఎక్కడన్న విషయం మీరు రాయలేదు. మీ డాక్టరుకు ఈటింగ్ డిజార్డర్ల అనుభవం లేదనిపిస్తే హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో అడగండి. రాత్రిపూట మనసు మరీ భారమైతే 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు. మానసిక జబ్బుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేవాటిలో అనొరెక్సియా ఒకటి. అమ్మగారి భయం చాదస్తం కాదు. ఆవిడ రెండేళ్లు మీరు కరిగిపోవడం కళ్లారా చూశారు, ఆ కళ్లకు పరుగూ జబ్బూ ఒకటిగానే కనిపిస్తాయి. వాదించి ఒప్పించలేరు. పరిగెత్తని ఆ రెండు వారాలూ రాత్రి ఎనిమిదింటికి ఆవిడకు వీడియో కాల్ చేసి, కంచం ఎదురుగా పెట్టుకుని, మాట్లాడుతూ తినండి.

మా అమ్మ అయితే అనంతపురం నుంచి వచ్చి బనశంకరిలో ఒక గది అద్దెకు తీసుకుని మూడు నెలలు నా ఎదురుగా కూర్చుంది. ఏమీ అనేది కాదు, కలిపి ముద్దలు పెట్టేది. రెండు వారాలయ్యాక ఎలా గడిచిందో రాయండి. నాకు ఐదో రోజు అన్నిటికన్నా కష్టమైంది. మీకు ఏ రోజో చెప్పండి.